పాత గోడలకు బీటలు: కుంగుబాటు కంటే తేడాయే ప్రమాదం

క్లుప్తంగా: ఇల్లంతా ఒకే తీరున కుంగితే గోడలు తట్టుకుంటాయి. ఒక మూల కుంగి పక్క మూల నిలిచిపోయినప్పుడే బీట పడుతుంది. దాని వెడల్పు ఎంతన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. ఎటువైపు ఎక్కువగా తెరుచుకుంది, ఇంకా కదులుతోందా అన్నవి తెలిస్తేనే మరమ్మతు తేలుతుంది. ముందు నీటి దారి సరిచేయాలి, తర్వాత కొలతలు తీయాలి, గోడను అంతస్తులకు కట్టాలి, బీటను కుట్టడం ఆఖరి పని. చాలా ఇళ్లలో ఈ వరస తలకిందులవుతోంది.

పాత ఇంటి గోడలో బీట కనబడగానే రెండు రకాల సలహాలు వస్తాయి. పాత ఇల్లు కదా, పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోతుందనేది ఒకటి. పునాది పోయింది, కింద తవ్వి కాంక్రీటు పోయాలనేది రెండోది. ఆశ్చర్యమేమిటంటే రెండూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. బీట ఎందుకు వచ్చిందో అడగకుండానే మందు రాస్తున్నాయి.

తేడా ఎంతైతే బీట పడుతుంది?

మూరెడు మందం సున్నపు గోడ కూడా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కదులుతూనే ఉంటుంది. తడికి నేల లేస్తుంది, ఎండకు దిగుతుంది. పైకప్పు పగలు సాగుతుంది, రాత్రి ముడుచుకుంటుంది. ఇల్లు మొత్తం 50 మి.మీ. సమానంగా దిగినా గోడకు ఆ సంగతి తెలియదు. గేటు దగ్గరి మెట్టూ మురుగు పైపు అతుకులూ తెలుసుకుంటాయి, అంతే.

గోడను విరగ్గొట్టేది ఒక చోటికీ ఇంకో చోటికీ మధ్య తేడా. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే ఇంజనీర్లు 98 భవనాల కుంగుబాటు కొలతలను పరిశీలించి ఒక లెక్క ఇచ్చారు. రెండు బిందువుల మధ్య దూరంలో 300వ వంతు తేడా వస్తే గోడల్లో బీటలు మొదలవుతాయి, 150వ వంతుకు చేరితే కట్టడపు బలానికే దెబ్బ. అంటే 3 మీటర్ల గది గోడలో ఒక చివర 10 మి.మీ. దిగితే చాలు. చిటికెన వేలు మందం కూడా లేని తేడా అది.

ఆ తర్వాతి పరిశోధన ఇంకో సంగతి తేల్చింది. ఉక్కు లేని ఇటుక, రాతి గోడలకు ఈ హద్దు ఇంకా తక్కువ, అదీ కుంగిన తీరును బట్టి మారుతుంది. గోడ నడుమ దిగితే సాగే ఒత్తిడి కింది అంచుకు వస్తుంది. అక్కడ పునాది, దాన్ని పట్టుకున్న నేల కొంత ఆపుతాయి. చివరలు దిగి నడుమ ఎత్తుగా మిగిలితే సాగేది పై అంచు. అక్కడ పట్టుకునేది ఏదీ లేదు, గోడ పుస్తకంలా పైనుంచి తెరుచుకుంటుంది. అందుకే అదే 10 మి.మీ. మూల దగ్గర దిగినప్పుడు చేసే నష్టం గోడ నడుమ దిగినప్పటికంటే ఎక్కువ.

బీట ఏం చెబుతుంది?

పై అంచున వెడల్పుగా ఉండి కిందికి వచ్చేసరికి సన్నగిల్లే బీట ఒక చివర దిగుతోందని చెబుతుంది. కింద వెడల్పు, పైన సన్నం అయితే దిగింది నడుమ భాగం. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఇటుక సందుల వెంట ఏటవాలుగా సాగేది తేడా కుంగుబాటుకు అచ్చమైన గుర్తు. ఏటవాలు బీట చాలాసార్లు కిటికీ, తలుపు మూలల్లోనే ఎందుకు మొదలవుతుందంటే, గోడలో బలం తక్కువగా ఉండేది అక్కడే. సగం గోడను అక్కడ కోసేసినట్టే కదా.

కింది నుంచి పైదాకా ఒకే వెడల్పుతో నిలువుగా ఉంటే నేలను అనుమానించనక్కర్లేదు. ఎక్కువగా ఎండవేడి సాగుదలో, కొత్త గోడను పాత గోడకు సరిగా కలపకపోవడమో కారణం. స్లాబు కింద గోడ పొడవునా అడ్డంగా గీసినట్టు ఉంటే అది స్లాబు చేసిన పని. పైకి పోయేకొద్దీ అడ్డగోడకూ బయటి గోడకూ మధ్య సందు పెరుగుతుంటే బయటి గోడ వాలుతోందన్నమాట. ఈ చివరిది మిగతావాటికంటే ప్రమాదం, కానీ చాలాసార్లు దీన్నే అలమరా వెనక దాచేస్తారు.

వయసు కూడా తెలుస్తుంది. టార్చి పక్కనుంచి వేసి బీట లోపలికి చూడాలి. అంచులు పదునుగా, లోపలి ఇటుక ఎర్రగా శుభ్రంగా ఉంటే కొత్తది. లోపల దుమ్ము, సాలీడు గూడు, పాత రంగు చారలు ఉంటే అది ఎప్పటిదో. పాత బీట నడుమ కొత్తగా వెంట్రుకలాంటి గీత పడి ఉంటే, పూడ్చిన బీట మళ్లీ కదిలిందన్నమాట. ఈ ఒక్క గుర్తు ఎన్నో అనవసర వాదనలను ఆపుతుంది.

వెడల్పుల విషయానికి వస్తే, బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ ఎస్టాబ్లిష్‌మెంట్ డైజెస్ట్ 251లో ఇచ్చిన తరగతులనే చాలామంది వాడుతున్నారు. 1 మి.మీ. దాకా రంగుతో పోయేవి. 5 మి.మీ. దాకా పూడ్చితే సరిపోయేవి, తలుపులు కొంచెం పట్టేయవచ్చు. 5 నుంచి 15 మి.మీ. అయితే కొంత గోడ విప్పి కట్టాల్సి రావచ్చు. 15 నుంచి 25 మి.మీ. మధ్య కిటికీ చట్రాలు వంకర పోతాయి, నేల వాలుతుంది, దూలాల ఆనుడు తగ్గుతుంది. 25 మి.మీ. దాటితే ఆ గోడ నిలకడే సందేహం. అయితే ఈ పట్టిక నష్టాన్ని కొలుస్తుందే తప్ప కారణాన్ని కాదు. 3 మి.మీ. ఉండి నెలనెలా పెరిగే బీట, యాభై ఏళ్లుగా కదలని 12 మి.మీ. బీట కంటే ఎక్కువ పట్టించుకోవాల్సింది.

నేల కింద జరిగేది

పాత ఇళ్ల పునాదులు లోతు తక్కువ. చాలావాటికి మీటరు కూడా ఉండదు, కొన్నింటికి గోడనే కొంచెం వెడల్పు చేసి నేలలో దింపి వదిలేశారు. ఆ లోతులో నేల తడి ప్రతి కాలానికీ మారుతుంది. నల్లరేగడి లాంటి బంకమట్టిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం పలుచటి రేకుల దొంతర లాంటిది. రేకుల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, పోతే ముడుచుకుంటుంది. ఇంటి నడుమ కింద మట్టి కప్పు చాటున ఉంటుంది కాబట్టి అక్కడి తడి పెద్దగా మారదు. అంచుల కింద మట్టి మాత్రం ఎండకూ వానకూ లొంగుతుంది. అందుకే ఎండాకాలం చివర మూలలు దిగి, బీటలు పైన తెరుచుకుంటాయి. 1976లో బ్రిటన్‌లో తీవ్రమైన కరవు వచ్చినప్పుడు బంకమట్టి మీది ఇళ్లు పెద్ద సంఖ్యలో బీటలు వారడంతో ఈ వ్యవహారం అందరి నోట పడింది.

చెట్టు ఈ కథను మరింత చిక్కు చేస్తుంది. పెద్ద చెట్టు ఎండల్లో రోజుకు వందల లీటర్ల నీరు లాగగలదు. గోడ దగ్గర చెట్టు ఉన్న వైపే బంకమట్టి ఎక్కువగా ముడుచుకుంటుంది. చెట్టు కొట్టేస్తే సరిపోతుందా అంటే, అది ఇంటికంటే పాతదైతే జాగ్రత్త పడాలి. ఏళ్ల తరబడి ఎండిపోయి ఉన్న మట్టి ఒక్కసారిగా నీరు పీల్చి ఉబ్బడం మొదలెడుతుంది, ఆ ఉబ్బు ఏళ్ల పాటు సాగి గోడను కిందనుంచి ఎత్తుతుంది. కుంగిన గోడకంటే లేచిన గోడను సరిచేయడం కష్టం. అలాంటి చోట ఏటా కొమ్మలు కొట్టి ఆకు తగ్గించడమే మేలు.

ఇసుక నేలలో, నింపిన మట్టిలో కథ వేరు. అక్కడ దోషి చాలాసార్లు పగిలిన మురుగు పైపు, లేదా వాన నీటిని గోడ మొదట్లోనే వదిలే గొట్టం. పారే నీరు సన్నని రేణువులను మెల్లగా పట్టుకుపోతుంది, పునాది కింద గుల్ల ఏర్పడుతుంది. ఇలాంటి కుంగుబాటు ఒకే మూలకు పరిమితమై ఉంటుంది. బీటలన్నీ ఆ మూల వైపే వాలి ఉంటాయి. ఇక్కడ పునాదికి లక్షణమైన వైద్యం పైపు మార్చడమే, చాలా సందర్భాల్లో అది చేశాక కదలిక ఆగిపోతుంది.

నేల తప్పు లేని బీటలు

పాత ఇటుక గోడలపై తర్వాతి కాలంలో కాంక్రీటు స్లాబు వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. కాంక్రీటు ఒక్కో డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.011 మి.మీ. సాగుతుంది. 10 మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే 3.3 మి.మీ. పెరుగుతుంది. ఇటుక అందులో సగానికి కాస్త అటూ ఇటూ సాగుతుంది, పైగా గోడ నీడలో ఉంటుంది, అంత వేడెక్కదు. స్లాబుకూ గోడకూ మధ్య జారే పొర లేకపోతే పై వరస ఇటుకలను స్లాబు తనతో పాటు లాక్కెళుతుంది. పిట్టగోడ కింద, చివరి గది మూలల్లో కనిపించే అడ్డబీటకు ఇదే మూలం. దీనికి పునాది తవ్వడం పంటి నొప్పికి కాలికి కట్టు కట్టడమే. పైన వేడిని తిప్పికొట్టే పూత వేసి, బీటను సాగే సీలెంట్‌తో నింపాలి.

వాలు పైకప్పు అడ్డ కట్టు కోల్పోతే గోడ తలను బయటికి నెడుతుంది. పైన గది కావాలని మధ్యలో ఉన్న అడ్డ దూలం కోసేసిన ఇళ్లలో ఇది మామూలే. గోడలో పొదిగిన దూలం చివర తడికి పుచ్చిపోతే పైబరువు ఒక్క అంచుమీదకు జరుగుతుంది. గోడలో దాగిన ఇనుప పట్టీ తుప్పు పడితే, ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. రాయిని పగలగొట్టడానికి ఆ ఒత్తిడి చాలు. ఇక కింది అంతస్తులో గోడ తీసి హాలు పెద్దది చేయడం గురించి చెప్పాల్సిన పని లేదు. పై గోడ బరువు పోయేందుకు చోటు వెతుక్కుంటుంది, దొరికిన పక్క గోడను నలుపుతుంది.

తొందర పడకుండా కొలవడం

బీట కదులుతోందా అన్నది కంటితో తేలదు. పూర్వం బీటకు అడ్డంగా గాజు పలక అతికించేవారు. పగిలితే కదిలినట్టు. ఎంత, ఎటు కదిలిందో అది చెప్పదు, పైగా జిగురు ఊడితే పగలకుండానే ఉండిపోతుంది. ఇంతకంటే చవకైన, నిక్కచ్చి పద్ధతి మూడు స్క్రూలది. బీటకు ఒకవైపు ఒకదానిపై ఒకటిగా 100 మి.మీ. దూరంలో రెండు, అవతలి వైపు ఒకటి బిగిస్తారు. వాటి మధ్య మూడు దూరాలను వెర్నియర్ కాలిపర్‌తో 0.1 మి.మీ. దాకా కొలుస్తారు. ఒకవైపున్న రెండింటి మధ్య దూరం మారకూడదు, మారితే కొలతలో పొరపాటు. మిగతా రెండు దూరాల నుంచి బీట తెరుచుకోవడం ఎంతో, పైకీ కిందికీ జారడం ఎంతో విడివిడిగా లెక్కకు వస్తాయి. స్క్రూలు పూతలో కాకుండా ఇటుకలో దిగాలి. ఊడిపోతున్న పూతను కొలిచి గోడ కదులుతోందనుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

నెలకోసారి, రోజులో ఒకే వేళకు, ఆనాటి ఉష్ణోగ్రత కూడా రాసిపెట్టుకుంటూ కనీసం పన్నెండు నెలలు కొలవాలి. కాలంతో తెరుచుకుని కాలంతో మూసుకునే గీత వస్తే అది ఋతువుల ఊపిరి. ఒకే దిక్కుగా ఎక్కుతూ పోతే కుంగుబాటు సాగుతోంది. మొదట్లో వేగంగా ఎక్కి క్రమంగా చదునైతే కదలిక సద్దుమణుగుతోందన్నమాట. కొలతలు లేకుండా ఈ మూడింటినీ వేరు చేయడం ఎవరి వల్లా కాదు.

ఋతువుల బీటలోనూ ఒక మోసం ఉంది. ఎండాకాలంలో తెరుచుకున్నప్పుడు అందులో ఇసుక, సున్నపు పెళ్లలు రాలి పడతాయి. వానలకు నేల లేచి గోడ మూసుకోవాలని చూస్తే ఆ పెళ్లలు అడ్డుపడతాయి. మూసుకోలేక మిగిలిన ఆ కాస్త సందు మరుసటి ఎండాకాలానికి మొదలు అవుతుంది. పళ్ల చక్రంలా ముందుకే తిరుగుతుంది తప్ప వెనక్కి రాదు. నిండు ఎండల్లో బీట పూర్తిగా తెరుచుకున్నప్పుడు గట్టి సిమెంట్ మాలు కూరడమంటే ఈ పని మనమే చేయడం. గోడ మూసుకునే దారి పోయి, ఆ తోపుడు ఇంకో చోట బీటగా తేలుతుంది. కొలిచే ఏడాదిలో నీళ్లు దిగకుండా మెత్తని సీలెంట్ పెడితే చాలు.

వాలిన గోడ, పొట్ట వేసిన గోడ

గోడ తూకం తప్పిందా అన్నది గుండు వేలాడదీసి ప్రతి అర మీటరుకు దూరం రాసుకుంటే తేలుతుంది. ఎంత వాలు వరకు ఫరవాలేదన్న దానికి పాత సూత్రం ఒకటుంది. గోడ మందాన్ని మూడు పాళ్లు చేస్తే, బరువు గీత, అంటే గోడ మోసే బరువు కిందికి దిగే దారి, మధ్య పాలులోనే దిగాలి. దాటితే గోడ ఒక అంచు నొక్కుకుపోయి, రెండో అంచు సాగడం మొదలవుతుంది. సున్నం, మట్టి మాలు సాగుడును అసలు ఓర్చుకోవు. లెక్కలో చెప్పాలంటే, 450 మి.మీ. గోడకు నడుమ నుంచి 75 మి.మీ. దాకా, 230 మి.మీ. గోడకు 38 మి.మీ. దాకా బరువు గీత జరగవచ్చు. గోడ తన బరువే మోస్తుంటే, పై అంచు వాలిన దాంట్లో సగమే ఆ గీత జరుగుతుంది. పైన కప్పు బరువు ఎక్కువైతే వాలినంతా జరిగినట్టే లెక్క.

అన్ని వాలులూ కొత్తవి కావు. కట్టేటప్పుడే వాలి, ఆపై వరసలను తూకానికి కట్టుకొచ్చిన గోడలున్నాయి. వాలు వెంట పూత ఒకే మందంలో చెక్కుచెదరకుండా ఉంటే, ఆ పూత వేసేనాటికే వాలు ఉందన్నమాట. నేల పలకలకూ గోడకూ మధ్య కొత్త సందు తెరుచుకుంటే అది ఇప్పటి కదలిక.

పొట్ట వేసిన రాతి గోడ వేరే జబ్బు. మందపాటి రాతి గోడలు చాలావరకు లోపలొకటి, బయటొకటి రెండు పొరలు. నడుమ చిన్న రాళ్లూ మట్టీ పోసి ఉంటాయి. మందమంతా పట్టే రాళ్లు తగినన్ని వేయకపోతే ఈ పొరలను కలిపేది ఏదీ ఉండదు. నీరు దిగితే నడుమ పోసిన సరుకు జారి అడుగుకు చేరి, పొరలను చీల దింపినట్టు విడదీస్తుంది. 450 మి.మీ. గోడ కాస్తా రెండు 150 మి.మీ. పొరలైపోతుంది. సుత్తి పిడితో తడితే బోలు శబ్దం వస్తుంది. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో మట్టి మాలుతో కట్టిన మందపాటి రాతి గోడలు ఇలాగే పొరలుగా విడిపోయి, బరువైన మట్టి కప్పులతో సహా కూలడమే అంత ప్రాణనష్టానికి ప్రధాన కారణం. చూడ్డానికి అవి ఎంతో బలంగా కనిపించిన గోడలే.

గోడను ఇంటికి కట్టడం

బయటికి వాలే గోడకు కావాల్సింది పట్టు. దూలాలు గోడ మీద ఆనిన వైపు కొంత పట్టు ఉంటుంది. దూలాలకు సమాంతరంగా నడిచే గోడ మాత్రం రెండంతస్తుల ఎత్తున ఒంటరిగా నిలబడి ఉంటుంది. దానికి 30 × 5 మి.మీ. జింకు పూత ఉక్కు పట్టీలను 2 మీటర్లకు మించని దూరంలో వేస్తారు. ఒక్కో పట్టీ కనీసం మూడు దూలాలను దాటి వెళ్లాలి, దూలాల మధ్య చెక్క ముక్కలు బిగించి ఉండాలి. మొదటి దూలానికే మేకు కొట్టి ఆపేస్తే గోడతో పాటు ఆ దూలం కూడా వంగుతుంది, లాభం లేదు.

ఎదురెదురు గోడలను కలపాలంటే రాడ్డు, బయట ప్లేటు. 20 మి.మీ. రాడ్డు సుమారు 3 టన్నుల లాగుడును సురక్షితంగా భరిస్తుంది. తెగేది రాడ్డు అనుకుంటారు గానీ, ముందు నలిగేది ప్లేటు కింది గోడ. ఆ 3 టన్నులు 100 మి.మీ. చదరపు ప్లేటుపై పడితే చదరపు సెంటీమీటరుకు 30 కిలోలు. పాత సున్నపు గోడ అంత ఓర్వదు. 300 మి.మీ. ప్లేటు వేస్తే అదే బరువు 3.3 కిలోలకు దిగుతుంది. ప్లేటు వెనక మాలు పరుపు సరిగా నిండకపోతే ఈ లెక్క కూడా పనికిరాదు, బరువంతా రెండు మూడు మొనలమీదే పడుతుంది.

ఎంత బిగించాలి? పట్టు తగిలేదాకా, ఇంకొంచెం. గోడను వెనక్కి లాగాలన్న ఆశ మంచిది కాదు. బీటలో పడిన పెళ్లలు అడ్డుపడి గోడ వెనక్కి రాదు, మరో చోట విరుగుతుంది. లాగడం అసాధ్యమేమీ కాదు. 19వ శతాబ్దం తొలినాళ్లలో పారిస్‌లోని కాన్సెర్వతువార్ దే జార్ ఎ మెతియే భవనంలో బయటికి వాలిన గోడలను మొలార్ అనే ఇంజనీరు ఇనుప కడ్డీలతో దగ్గరికి చేర్చాడు. ఒకటి విడిచి ఒకటి కడ్డీలను వేడిచేసి, సాగిన మేర నట్లు బిగించి, చల్లారనిస్తే అవి ముడుచుకుంటూ గోడలను లాగాయి. 6 మీటర్ల ఉక్కు రాడ్డు 60 డిగ్రీలు వేడెక్కితే 4.3 మి.మీ. సాగుతుంది. రెండు చివరలూ కదలకుండా పట్టుకుంటే చల్లారేటప్పుడు 20 మి.మీ. రాడ్డులో పుట్టే లాగుడు 4.5 టన్నులు. పైన చెప్పిన సురక్షిత హద్దును దాటిపోయే బలమది. ఇప్పుడు ఎవరూ ఆ దారి ఎందుకు పట్టరో దీంతోనే అర్థమవుతుంది.

పొరలు విడిన రాతి గోడకు బయటి ప్లేటు ఒక్కటే చాలదు. గోడకు ఆరపార సుమారు 75 మి.మీ. రంధ్రం తీసి, రెండు చివరలా కొక్కెం వంచిన 8 మి.మీ. ఊచ పెట్టి కాంక్రీటు నింపుతారు. అడ్డంగా మీటరుకు ఒకటి, నిలువుగా 600 మి.మీ.కు ఒకటి, వరస మార్చి వరస వేస్తే రెండు పొరలూ మళ్లీ ఒక గోడ అవుతాయి. రంధ్రం చేతి పనిముట్లతో, రాయి రాయి కదిలించి తీయాలి. గట్టి డ్రిల్లు అదురుకు పొట్ట ఊడిపడుతుంది.

లోపలి గుల్లలకు సున్నపు గ్రౌట్, అంటే పారేంత పలుచని మాలు, పోస్తారు. అర మీటరుకో గొట్టం పెట్టి, ముందు నీళ్లతో కడిగి, కింది నుంచి మొదలుపెట్టి పై గొట్టంలోంచి బయటికి వచ్చేదాకా నింపుతారు. రోజుకు మీటరు ఎత్తు చాలు. తడి గ్రౌట్ నీటిలాగే అన్ని వైపులా నెడుతుంది, తొందరపడి పంపు ఒత్తిడి పెంచితే బాగుచేద్దామనుకున్న పొరనే బయటికి తోసేస్తుంది. పాత గోడలో జిప్సం ఉంటే సిమెంట్ గ్రౌట్ అసలు వాడకూడదు. తడిలో ఆ రెండూ కలిసి ఉబ్బే లవణాలు పుట్టిస్తాయి.

బీటను కుట్టడం

కదలిక ఆగిందని కొలతలు చెప్పాకే కుట్టు. ఇటుక సందులో అడ్డంగా 35 నుంచి 40 మి.మీ. లోతు గాడి కోస్తారు. బీటకు ఇరువైపులా కనీసం 500 మి.మీ. దాకా పోవాలి. దుమ్ము పూర్తిగా తీసి, నీళ్లతో తడిపి, గాడి వెనక 15 మి.మీ. మందం గ్రౌట్ వేసి, 6 మి.మీ. మెలి తిరిగిన స్టెయిన్‌లెస్ ఊచను అందులోకి నొక్కుతారు. పైన మళ్లీ గ్రౌట్ వేసి, ఊచ పూర్తిగా మునిగేలా తాపీతో అదుముతారు. నిలువునా 300 నుంచి 450 మి.మీ.కు ఒకటి. గోడ చివర 500 మి.మీ. లోపే వస్తే ఊచను మలుపు తిప్పి కనీసం 100 మి.మీ. పక్క గోడలోకి పోనివ్వాలి.

ఈ పని విఫలమయ్యేది ఎక్కువగా దుమ్ము దగ్గరే. కడగని గాడిలో గ్రౌట్ దుమ్మును పట్టుకుంటుంది, ఇటుకను కాదు. ఆరు నెలలకు ఊచ గాడిలోంచి మొత్తంగా జారి వస్తుంది. మందపాటి గోడకు ఒక్కవైపే కుడితే రెండోవైపు తెరుచుకోవడమూ ఉంది. మామూలు ఇనుప ఊచ అసలు పనికిరాదు. గోడలో తుప్పు చేసే పని ముందే చూశాం.

పునాది పని, ఊత గోడ: ఎక్కడ బెడిసికొడుతుంది

కింద తవ్వి కాంక్రీటు పోయడాన్ని ముక్కలుగా చేస్తారు. ఒక్కో ముక్క 1 నుంచి 1.2 మీటర్లు. వరసగా కాకుండా ఒకటి, మూడు, ఐదు, తర్వాత రెండు, నాలుగు. పాత పునాదికి 75 మి.మీ. కింద కాంక్రీటు ఆపి, మరునాడు ఆ సందులో పిడికిట నొక్కితే ముద్దయ్యేంత తడి మాత్రమే ఉన్న ఇసుక సిమెంటును గట్టిగా దట్టిస్తారు. నేరుగా పైదాకా పోస్తే కాంక్రీటు ఆరి ముడుచుకుని వెంట్రుకంత సందు మిగులుతుంది, గోడ ఆ మేర దిగి కూర్చుంటుంది.

ఇంతా చేసి ఒక మూలకే చేస్తే? ఆ మూల ఇక కదలదు. మిగతా ఇల్లు మాత్రం ఎప్పట్లాగే ఋతువులతో లేచి దిగుతుంది. తేడా తగ్గించాలని మొదలుపెట్టిన పని కొత్త తేడాను సృష్టించింది. లోతు పునాది ఆగిన చోటే రెండు మూడేళ్లలో కొత్త నిలువు బీట పడుతుంది. అందుకే చివరల్లో లోతును మెట్లుగా తగ్గిస్తూ కలపాలి, లేదా ఆ చోట కావాలనే సందు వదలాలి. నేలలోకి ఉబ్బే రెసిన్ ఎక్కించే పద్ధతి వదులు ఇసుకలో, నింపిన మట్టిలో బాగానే పనిచేస్తుంది. ఋతువులతో ఆడే బంకమట్టిలో దాని మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోలేం.

వాలే గోడకు బయట ఊత గోడ కట్టడం మరో పాత అలవాటు. ఊత గోడ కొత్త పునాది మీద కూర్చుంటుంది, కొత్త పునాది సహజంగానే కొంత దిగుతుంది. అప్పటికే దాన్ని పాత గోడకు ఇటుక ఇటుక కలిపి కట్టి ఉంటే, దిగుతూ దిగుతూ పాత గోడను బయటికే లాగుతుంది. ముందు ఊత గోడ కట్టి, కొన్ని నెలలు కూర్చోనిచ్చి, ఆ తర్వాత పాత గోడకు కలపడం సరైన వరస. దీన్ని పాటించే ఓపిక అరుదు.

పీసా గోపురం అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1934లో దాని అడుగున రంధ్రాలు చేసి సిమెంట్ గ్రౌట్ ఎక్కిస్తే గోపురం నిలబడకపోగా మరికొంత వాలింది. 1990లో మూసివేసే నాటికి వాలు సుమారు 5.5 డిగ్రీలు. 1999 నుంచి 2001 వరకు చేసిన పని దీనికి పూర్తిగా వ్యతిరేకం. కుంగిన దక్షిణం వైపు ఏమీ పోయకుండా, ఎత్తుగా మిగిలిన ఉత్తరం వైపు ఏటవాలు గొట్టాలతో కొద్దికొద్దిగా మట్టి తీశారు. గోపురం తల 40 సెం.మీ.కు పైగా వెనక్కి వచ్చింది. పాత ఇంటికి ఈ పద్ధతి ఎవరూ వాడరు గానీ, కుంగిన వైపే బలం పెంచాలన్న నియమం లేదని ఇది చూపిస్తుంది.

సిమెంట్ విషయంలోనూ ఇదే లెక్క. సున్నం మాలు ఇటుక కంటే మెత్తన. గోడ కదిలినప్పుడు ఆ కదలిక వందల సందుల్లో కొంచెం కొంచెంగా పంచుకుపోతుంది, సన్నని బీటల్లో కరిగిన సున్నం చేరి తనంతట తానే కొంత పూడుతుంది. సందుల్లో సిమెంట్ కూరితే ఆ పంపకం ఆగిపోయి కదలికంతా ఒక్క చోట చేరుతుంది. ఈసారి తెగేది సందు కాదు, ఇటుక. పైగా లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోయి, దూలాల చివరలు పుచ్చడం మొదలవుతుంది.

ఏడాది ఆగకూడని సందర్భాలు

రాత్రికి రాత్రి తలుపు పట్టేసినా, నేలమీద తాజాగా ఇటుక పొడి రాలినా, బీట రోజురోజుకూ పెరుగుతున్నా, కిటికీ పైనుంచి ఇటుక జారినా, పొట్ట వేసిన చోట కొత్తగా గీతలు విచ్చుకున్నా కొలతలకు కూర్చోకూడదు. ఆ గదినీ, పై గదినీ, గోడ బయట కనీసం గోడ ఎత్తంత దూరాన్నీ ఖాళీ చేయించి, ఇంజనీరు వచ్చి చూసేలోపు సపోర్టులు పెట్టించాలి.

దూలాల కింద పెట్టే జాకీ బరువు నేలమీద ఒక్క చోటే పడుతుంది. కింద మందపాటి పలక వేసి ఆ బరువు పరవాలి. కింద గది ఉంటే అక్కడా అదే వరసలో జాకీ ఉండాలి. బయటినుంచి పెట్టే ఏటవాలు ఊత నేలతో 60 నుంచి 75 డిగ్రీల కోణంలో ఉండి, దాని తల అంతస్తు మట్టానికి తగలాలి. రెండంతస్తుల నడుమ ఖాళీ గోడకు ఆనిస్తే అదే గోడను లోపలికి తోస్తుంది. జాకీని తాకేదాకా తిప్పి, మరో పావు చుట్టు చాలు. దూలం పైకి లేచేలా బిగిస్తే పై అంతస్తులో కొత్త బీటలు పడతాయి. పని అయ్యాక తీసేటప్పుడు కూడా ఒక్కసారిగా వదలకూడదు. ప్రతి జాకీని సగం చుట్టు చొప్పున వదులుతూ, మూడు స్క్రూల కొలత మళ్లీ తీసి, అంకె మారలేదని తేలాకే తర్వాతి సగం చుట్టు తిప్పాలి.